రౌటర్‌ని బీరువాలో పెడితే సరిపోదురా

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఫోన్లో గేములూ రీల్సూ వదలట్లేదని పదో తరగతి చదివే నీ కొడుకు మీద కోపంతో రాత్రి పదింటికి రౌటర్ పీకి బీరువాలో పెట్టి తాళం వేశావా! పక్కింటివాళ్ల వైఫై పాస్‌వర్డ్ మీవాడు ఎప్పుడో సంపాదించి ఉంటాడు, చూసుకో.

నువ్వు ఇంట్లో చేసింది దక్షిణ కొరియా ప్రభుత్వం దేశమంతటికీ చేసింది. పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరింటిదాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చారు. పిల్లలు ఊరుకుంటారా? అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లాగిన్ అయ్యారు. ఈలోగా ఆటలు కంప్యూటర్లలోంచి ఫోన్లలోకి దూరాయి, చట్టమేమో కంప్యూటర్ దగ్గరే కూర్చుంది. 2022లో ఎత్తేశారు. వాళ్లవల్ల కానిది నీ బీరువా తాళంవల్ల అవుతుందా?

గంటలు లెక్కపెట్టి కంగారుపడకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ రుగ్మతను జబ్బుల జాబితాలో చేర్చింది గానీ, ఇన్ని గంటలు ఆడితే జబ్బని రాయలేదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, అదీ మామూలుగా ఏడాదిపాటు సాగడం, చూడాల్సింది ఇవి. మీవాడు సాయంత్రం క్రికెట్‌కి పోతున్నాడన్నావుగా, మంచి కబురు. ట్యూషన్ పేరుచెప్పి అది మాత్రం మాన్పించకు. మన దగ్గర టెన్త్ వచ్చిందంటే పిల్లలకి ఆటలు బంద్. ఇక వాళ్లకి మిగిలే వినోదం ఏముంది, ఆ ఫోను తప్ప!

రీల్స్‌తోనే అసలు తంటా. సినిమాకైతే శుభం కార్డు పడుతుంది, దీనికి అదీ లేదు. నోటిఫికేషన్లు ఆపించు. రాత్రి ఫోన్లన్నీ హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్ పెట్టండి. అన్నీ అంటే నీదీ, చెల్లెమ్మదీ కూడా. పొద్దున ఐదున్నరకే గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేవాడివి, పక్కమీద నీ పక్కన ఏముంటుందో నాకు తెలీదా!

నిద్ర మానేసి, ఫోన్ లాక్కుంటే మీదపడేదాకా వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటివాటికోసమే 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది. అంతకంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

దసరా సెలవులకి వాణ్ణి ఇక్కడికి పంపు. మావాడితో కలిసి ఈత నేర్చుకుంటాడు. ఫోన్ తేవద్దని చెప్పకు, తెచ్చుకోనీ. మా ఇంట్లో సిగ్నల్ మేడమీదే వస్తుంది, అదీ ఒక్క గీత.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయి.

నీ
సుబ్బు