చేయి తిరిగిన మెకానిక్‌ను విమానం దగ్గరే ఉండనివ్వండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వైమానిక దళంలో ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజిన్ కాకుండా విమానం బాడీ, ల్యాండింగ్ గేర్ లాంటివి) మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. నా సొంత విషయాలేవీ మీ ముందు పెట్టడం లేదు. ఈ రాత్రి హ్యాంగర్‌లో పానా పట్టుకుని నిలబడ్డవాళ్లు ఇంకో పదేళ్లకు ఎక్కడ ఉంటారో, ఏం పని చేస్తుంటారో అన్న బెంగతో రాస్తున్నాను.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. నేను చేరి ఏడాది కూడా కాలేదు. ల్యాండింగ్ గేర్ దగ్గర హైడ్రాలిక్ పైపు జాయింట్ బిగించి, నట్టుకు లాక్ వైర్ చుట్టాను. తీగను రెండు పోగులుగా మెలిపెట్టి, కొస ఎవరి చేతికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా సీనియర్ టార్చ్ వేసి ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా కట్టర్‌తో వైరు కత్తిరించేశారు. "నువ్వు చుట్టిన వైపు లాగితే నట్టు బిగుస్తుందా, వదులవుతుందా?" అని అడిగారు. వదులవుతుంది. వైబ్రేషన్‌కు నట్టు తిరగబోతే పట్టి ఆపాల్సిన తీగ, నేను కట్టిన తీరులో దాన్ని తిరగనిస్తోంది. "పొద్దున దీన్ని నడిపే పైలట్‌కు నీ పని కనపడదు. నీ సంతకం ఒక్కటే కనపడుతుంది" అన్నారు. వేళ్లు గీరుకుపోయి రక్తం వచ్చేదాకా మూడుసార్లు చుట్టించారు.

రెండేళ్లకు ఆయనకు ప్రమోషన్ వచ్చింది. అందరం సంతోషించాం. తీరా చూస్తే ఆయన వెళ్లి కూర్చున్నది సెలవుల పట్టికలు, స్టోర్స్ ఇండెంట్లు (సామాను కావాలని పెట్టే పత్రాలు) చూసే గదిలో. ఇంజిన్ ఆపాక దాని మోత అణిగే తీరు విని లోపల ఏదో ఒరుసుకుంటోందని పసిగట్టే మనిషి ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ మిగిలిపోయారు. ఆయన దగ్గర పని నేర్చుకోవాల్సిన కొత్త కుర్రాళ్లు, అరకొర అనుభవం ఉన్న నన్ను అడిగేవారు. నాకు తెలిసినంతే చెప్పగలిగాను.

మాన్యువల్ చూడకుండా ఒక్క స్క్రూ కూడా తిప్పకూడదు. అందులో రెండో మాట లేదు. కానీ ఇంకా మాన్యువల్‌లోకి ఎక్కని సంగతులు కొన్ని ఎప్పుడూ మనుషుల తలల్లోనే ఉంటాయి. 2008 ఫిబ్రవరి 23న గువామ్‌లో అమెరికా బీ-2 బాంబర్ టేకాఫ్ అవుతూనే కూలింది. పైలట్లిద్దరూ ఎజెక్ట్ అయి బతికారు. దాదాపు 140 కోట్ల డాలర్ల విమానం బూడిదైంది. గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్లలోకి తేమ చేరిందని, తేమ ఉండగానే వాటిని కాలిబ్రేట్ చేశారని (కొలతలు సరిచేశారని) విచారణలో తేలింది. ఆ తేమ ఆరిపోయాక రీడింగులు తప్పాయి. వాటిని నమ్మిన కంప్యూటర్ విమానం ముక్కును ఒక్కసారిగా పైకెత్తింది. కాలిబ్రేషన్‌కు ముందే పైటో హీట్ (గాలి ఒత్తిడి కొలిచే భాగాలను వేడిచేసే ఏర్పాటు) ఆన్ చేసి తేమ పోగొట్టుకోవాలన్న కిటుకు కొంతమందికి అప్పటికే తెలుసు. అది పద్ధతిగా రాతలోకి రాలేదు, అందరికీ చేరలేదు. ఇది చదివిన రోజు నాకు మా సీనియర్ కూర్చున్న గది గుర్తొచ్చింది. ఇలాంటి కిటుకులు ఎన్ని ఆయనతో పాటు ఆ గదిలోకి వెళ్లిపోయాయో!

తప్పు ఆ రోజే బయటపడుతుందన్న భరోసా కూడా ఈ పనిలో లేదు. 2017 జులై 10న అమెరికా మెరైన్ కోర్ కేసీ-130టీ విమానం మిసిసిపీలో కూలి 16 మంది చనిపోయారు. 2011లో ఓవర్‌హాల్‌కు వచ్చిన ప్రొపెల్లర్ బ్లేడు మీద తుప్పును పూర్తిగా తీయకుండానే వదిలేశారు. అదే పగులుగా మారింది. ఆ తప్పు బయటపడడానికి ఆరేళ్లు పట్టింది.

మంత్రి గారూ, ఖాళీలు భర్తీ చేశామని మీకు నివేదికలు వస్తుంటాయి. దయచేసి ఆ అంకె దగ్గరే ఆగిపోకండి. అమెరికా వైమానిక దళానికి 2015లో సుమారు 4,000 మంది మెయింటెనెన్స్ సిబ్బంది తక్కువయ్యారు. 2017 నాటికి ఆ లోటు 750 లోపుకు దిగింది. అయినా అనుభవం ఉన్నవాళ్ల కొరత మాత్రం తీరలేదని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది. శిక్షణ ముగించుకుని వచ్చిన కుర్రాడు తలకాయల లెక్కలో ఒకడే. కానీ పక్కన నిలబడి అతని పని చూసి సరిదిద్దే మనిషి లేకపోతే, ఆ కుర్రాడికి ప్రతి సంతకం ఒక టెన్షనే.

నేను అడిగేది ప్రధానంగా ఒక్కటి. విమానం వదలకుండానే పైకి ఎదిగే దారి పెట్టండి. ఇప్పుడున్న దారిలో హోదా పెరగాలన్నా, జీతం పెరగాలన్నా చేతిలో పనిముట్టు కింద పెట్టాల్సిందే. కొందరికి అది ఇష్టమే, వాళ్లను వెళ్లనివ్వండి. పనిలోనే ఉండిపోవాలనుకునేవాళ్లకు అదే జీతంతో, అదే గౌరవంతో మాస్టర్ టెక్నీషియన్ లాంటి హోదా ఇవ్వండి. కొత్తవాళ్లకు నేర్పడం, కష్టమైన లోపాలు పట్టుకోవడం, నేర్చుకున్నది రాతలో పెట్టడం వాళ్ల పని కావాలి. అమెరికా సైన్యంలో ఏవియేషన్ మెయింటెనెన్స్‌కే ప్రత్యేకంగా వారెంట్ ఆఫీసర్లు (జవాన్లకు, కమిషన్డ్ ఆఫీసర్లకు మధ్య హోదా) ఉన్నారు. సాంకేతిక నైపుణ్యమే ఆ హోదాకు ఆధారం. 1959లో ఆ హోదాకు నియామకాలు ఆపేసిన అక్కడి వైమానిక దళం 2024లో మళ్లీ తెచ్చింది, అదీ ఐటీ, సైబర్ రంగాలకు. కంప్యూటర్ నిపుణులు చేజారిపోతారన్న భయం ఉన్నప్పుడు, మెకానిక్‌ల విషయంలో ఎందుకు ఉండకూడదు?

రోస్టర్లు, ఇండెంట్లు ఎవరు చూస్తారంటే, ఆ పనికి శిక్షణ పొందిన సిబ్బందిని వేయవచ్చు. పదిహేనేళ్ల చేతి అనుభవం అందుకు అక్కర్లేదు.

ఇంకో మాట. సర్వీసు ముగించుకుని వెళ్లేవాళ్లకు, ఏ విమానం మీద, ఏ సిస్టమ్ మీద, ఎన్నాళ్లు, ఎలాంటి పని చేశారో రాసిన రికార్డు ఇవ్వండి. నాకు ఇచ్చిన కాగితంలో నడవడిక బాగుందని మాత్రమే ఉంది. ఇంటర్వ్యూ చేసినాయన దాన్ని రెండుసార్లు తిరగేసి, "ఇంతకీ మీరు ఏం పని చేశారు?" అని అడిగారు. ఇరవై ఏళ్లు ఏం చేశానో నోటితో చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికాలో సివిల్ మెకానిక్ సర్టిఫికెట్ ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్ రెండింటికీ కలిపి అనుభవం మీద తెచ్చుకోవాలంటే 30 నెలల పని చూపించాలి. తగిన రుజువులుంటే సైన్యంలో చేసిన పనీ అందులో లెక్కకు వస్తుంది. అలాంటి కాగితం చేతికిస్తే అందరూ వెళ్లిపోతారన్న భయం కొందరు అధికారుల్లో చూశాను. వెళ్లాలనుకున్నవాడు కాగితం లేకపోయినా వెళ్తాడు. కాకపోతే తెలిసిన పని వదిలేసి, ఇంకేదో పనిలో పడతాడు.

వీలైతే ఒకసారి నైట్ షిఫ్ట్‌లో, ముందుగా చెప్పకుండా, ఏదైనా హ్యాంగర్‌కు వెళ్లండి. అక్కడున్న విమానం పక్కన నిలబడి, దీని మీద పదేళ్లకు మించి పనిచేసినవాళ్లు ఈ షిఫ్టులో ఎంతమంది ఉన్నారని అడగండి. మిగతావాళ్లు ఇప్పుడు ఏ గదిలో ఉన్నారో కూడా అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎయిర్‌ఫ్రేమ్ మెకానిక్