పాడె లేచేలోపు చూసుకోవాల్సినవి

సంపాదకులకు,

ఇంట్లో మనిషి పోగానే అందరూ ఫోన్లు పట్టుకుంటారు. ఒక్కరైనా కాగితాల పని చూడాలి. ఆస్పత్రిలో పోతే మరణ కారణం ఫారం 4లో రాసిస్తారు. ఇంట్లో పోతే, చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు ఫారం 4ఏ ఇవ్వాలి. శ్మశానం రసీదులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పినా బ్యాంకులో, పింఛను దగ్గర తిప్పలే. మరణ నమోదుకు గడువు 21 రోజులు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

అందరూ మరిచేది పేస్‌మేకర్, అంటే గుండె సరిగా కొట్టుకునేలా ఛాతీలో అమర్చే చిన్న పరికరం. కాలర్ ఎముక కింద అగ్గిపెట్టెంత ఉబ్బు చేతికి తగులుతుంది. మంటకు దాని బ్యాటరీ పేలుతుంది, దగ్గరున్న కాటికాపరికి ప్రమాదం. ఆస్పత్రి నుంచి తెచ్చేముందే తీయించండి.

కట్టెల చితికి సుమారు 300 నుంచి 400 కిలోలు పడుతుంది. బరువు కంటే ఆరుదల ముఖ్యం. పచ్చికట్టెలో వేడంతా నీరు ఇగరడానికే సరిపోయి పొగ కమ్ముతుంది, దహనం సగంలో ఆగుతుంది. అప్పుడు కిరోసిన్ పోస్తారు. అది పైపైనే భగ్గుమంటుంది. అడుగున లావు దుంగలు సందులు వదిలి పేర్చితే గాలి ఆడుతుంది. గ్యాస్, విద్యుత్ దహనవాటికలో కొబ్బరికాయలు, గాజు సీసాలు, ప్లాస్టిక్ దండలు ముందే తీసేయాలి. అస్థికలు ఎప్పుడిస్తారో అక్కడే అడగండి, మూడో రోజు సంచయనం అనుకుని వెళ్లి వెతుక్కోవద్దు.

ఈ వివరాలు ప్రతి ఆస్పత్రి మార్చురీ గోడపై తెలుగులో రాయించాలని పురపాలక శాఖను కోరుతున్నాం.

— కొందరు పాఠకులు, రాజమహేంద్రవరం