ముల్లు సంగతి వేలికి ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో 'ఇమ్యూనిటీ పెంచే పది పదార్థాలు' చదివాను. పసుపు, మిరియాల మీద నాకేం కోపం లేదు. కానీ ఇమ్యూనిటీ అంటే బండిలో పెట్రోలు, తగ్గితే పోసుకోవచ్చన్నట్టు రాశారు. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నా.

పోయిన నెల పరకాల దగ్గర మా చేను గట్టు మీద తుమ్మముల్లు బొటనవేలిలో దిగింది. తెల్లారేసరికి వేలు ఎర్రగా ఉబ్బి ఒకటే సలుపు. "తాతా, ముల్లుకు క్రిములున్నయని నీ వేలికి ఎవరు చెప్పిండ్రు?" అంది మనవరాలు.

మంచి ప్రశ్న. ఒక్కో క్రిమికి సరిపడేలా ఒళ్లు చేసుకునే యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. అంతదాకా కాపలా చర్మం కింద క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలది. వాటి మీదా లోపలా 'టోల్ లాంటి రిసెప్టర్లు' అనే క్రిమిని పసిగట్టే ప్రొటీన్లు ఉంటాయి, మనుషుల్లో పది రకాలు. అవి క్రిమి పేరు అడగవు. మన ఒంట్లో తయారుకానిది, క్రిమి వదులుకోలేనిది ఏముందో చూస్తాయి. నాలుగో రకం కొన్ని బ్యాక్టీరియాల పైపొరలోని లిపోపాలీశాకరైడ్ అనే కొవ్వు-చక్కెర పదార్థాన్ని పట్టుకుంటుంది. అయిదో రకం బ్యాక్టీరియా ఈదే తోకలోని ప్రొటీన్‌ను. అది తగలగానే కణం కబురు పంపుతుంది, రక్తనాళాలు వదులై తెల్లకణాలు అక్కడికి చేరతాయి. నా వేలి వాపు అదే.

ఇది మొదట తేలింది మామిడిపళ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో. టోల్ అనే జన్యువు (ఆ రిసెప్టర్ల పేరు దీన్నుంచే) చెడిన ఈగలు బూజు సోకి చచ్చిపోతాయని 1996లో శాస్త్రవేత్త హాఫ్‌మన్ బృందం చూపింది. 1998లో బ్యూట్లర్ ఎలుకల్లో నాలుగో రకం రిసెప్టర్ పని తేల్చాడు. 2011లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ ఏడు క్లాసులో చెబితే "హైదరాబాద్ రోడ్డు టోల్‌గేటా సార్?" అని ఒకటే నవ్వు. నిజానికి అది జర్మన్ మాట, 'భలే' అని అర్థం!

ఇక మీరు 'పెంచండి' అన్న మాట. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించినప్పుడు, ఈ కబురే ఒళ్లంతా హద్దు మీరి పాకుతుంది. బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఎక్కువైతే మేలని ఎట్లా అంటాం?

వాపు నాలుగు రోజుల్లో తగ్గింది. టీటీ మాత్రం ఆ రోజే వేయించుకున్నాను. కషాయాల జాబితాలో ఆ ముక్క కూడా లేదు. వచ్చే ఆదివారమైనా వేయండి.

- విశ్రాంత జువాలజీ లెక్చరర్, హనుమకొండ