విండోస్ 10 ఆగిపోయిందని సీపీయూ పారేయనక్కర్లేదు

సంపాదకులు గారికి,

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది. అప్పటినుంచి తిరుపతిలో, చిత్తూరులో ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లకూ, డీటీపీ చేసేవాళ్లకూ, పిల్లల చదువు కోసం ఇంట్లో ఒక కంప్యూటర్ సెట్ పెట్టుకున్నవాళ్లకూ షాపుకెళితే వినబడే మాట ఒకటే: "ఇది పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి." ఇందులో నిజం సగమే. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, అది నిజం. కానీ దర్శనం టికెట్లు బుక్ చేయడానికీ, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఫారాలు నింపడానికీ, టాలీకీ, పెళ్లి పత్రికల డీటీపీకీ 2, 3, 4 తరాల ప్రాసెసర్లు చాలవన్నది మాత్రం నిజం కాదు. ఆ సెట్లు నత్తనడక నడవడానికి కారణం చాలావరకు ప్రాసెసర్ కాదు, పాత హార్డ్‌డిస్క్, 4 జీబీ ర్యామ్. కొంత కొత్తవి, కొంత వాడినవి కలిపి ఆ రెండూ మారిస్తే కొత్త సెట్ ధరలో చిన్న భాగంతో పని జరుగుతుంది. ఏది ముందు మార్చాలి, ఏది వాడినది కొనొచ్చు, ఏది అసలు ముట్టకూడదు అన్నది తెలియకే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

షాపుకెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. కీబోర్డు మీద విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్‌ఇన్ఫో32 అని ఇంగ్లిషులో కొట్టండి. ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు మోడల్, బయోస్ (మిషన్ లేవగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) తేదీ మూడూ కనిపిస్తాయి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మన వాడకంలో సీపీయూ అంటే మొత్తం డబ్బా కాబట్టి "సీపీయూ మార్చాలి" అని అడిగితే షాపువాళ్లు చెప్పే ధర పూర్తి సెట్‌ది. బోర్డు మోడల్ చెప్పి అడగండి.

మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) మీదే పెట్టాలి. తిరిగే హార్డ్‌డిస్క్ అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చొప్పున అందుకోవడమే గగనం, ఎస్‌ఎస్‌డీ వేలల్లో అందుకుంటుంది. విండోస్ లేచేటప్పుడు జరిగేదంతా ఈ చిన్న ఫైళ్ల పనే. హెచ్61 రకం మదర్‌బోర్డుల్లో డిస్క్ తీగ గుచ్చే పోర్టులు నెమ్మది రకం సాటా 2వే ఉంటాయి కాబట్టి వేగం సెకనుకు 280 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. దానికి దిగులు పడక్కర్లేదు, తేడా అప్పటికీ స్పష్టంగా తెలుస్తుంది. హెచ్81 బోర్డులో నాలుగు పోర్టుల్లో రెండే వేగమైన సాటా 3, బోర్డు మీది అక్షరాలు చూసి వాటిలోనే గుచ్చాలి. 240 లేదా 256 జీబీ సరిపోతుంది. ఇది మాత్రం కొత్తదే కొనండి. వాడిన ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగిందో పైకి కనబడదు, పోయే రోజు చెప్పి పోదు.

విండోస్ ఎక్కించే ముందు బయోస్‌లో సాటా మోడ్ (మిషన్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూడాలి. పాత బోర్డుల్లో చాలావాటికి అది ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉండిపోతుంది. ఎక్కించాక మారిస్తే నీలం తెర వచ్చి మిషన్ లేవదు, చాలామంది అప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీనే తప్పుపట్టి వెనక్కి తెస్తారు. పాత హార్డ్‌డిస్క్‌ను డీ డ్రైవుగా ఉంచుకోవాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 అనే మూడు వరసలు చూడండి. చివరి గడిలో అన్నీ సున్నాలుంటే మంచిదే. సీ5లో అంకె కనబడితే ఫొటోలు, ఫైళ్లు ఆ రోజే వేరేచోట దాచుకోండి.

రెండోది ర్యామ్. 2025 చివరినుంచి కొత్త ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి వాడినది కొనడం ఇప్పుడు మరీ లాభం. ర్యామ్ సులభంగా పాడయ్యే వస్తువు కాదు, పాడైతే పరీక్షలో దొరికిపోతుంది. మోసం జరిగేది రకంలో. డీడీఆర్3, డీడీఆర్4 కింది అంచులో గాడి ఒకచోట ఉండదు, దిగకపోతే బలవంతం చేయొద్దు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చాలా చవగ్గా ఇస్తారు, గాడి కూడా సరిపోతుంది, కానీ మామూలు డెస్క్‌టాప్ బోర్డులో డిస్‌ప్లే రాదు. అలాగే "ఏఎమ్‌డీకి మాత్రమే" అని అమ్మే 8 జీబీ డీడీఆర్3 ముక్కలు ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు. కొన్నిటి మీద ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు, కాబట్టి 8 జీబీ ముక్క మరీ చవగ్గా వస్తుంటే అనుమానించాలి. 4 జీబీవి రెండు వేసుకోవడం మేలు. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారులూ (చానళ్లు) పనిచేస్తాయి, బోర్డులోని గ్రాఫిక్స్‌కు కూడా ఊపు వస్తుంది. 1333, 1600 వేగాలవి కలిపి వేస్తే రెండూ 1333 దగ్గరే నడుస్తాయి, అది లోపం కాదు. వేసిన రోజు రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఒక పూర్తి రౌండు తిప్పండి. 8 జీబీకి గంట పైనే పట్టొచ్చు. ఒక్క ఎర్ర గీత వచ్చినా వెనక్కి ఇచ్చేయాలి, "వాడుతుంటే సర్దుకుంటుంది" అంటే నమ్మొద్దు.

ప్రాసెసర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వాడిన సామాన్లలో ప్రాసెసర్ అంత నమ్మదగినది మరొకటి లేదు, అది మామూలు వాడకంలో చచ్చిపోవడం చాలా అరుదు. 1155 సాకెట్‌లో (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ఐ3-2100 (గీత తర్వాతి మొదటి అంకె తరం చెబుతుంది) ఉన్నవాళ్లు ఐ5-2400కో, ఐ5-3470కో వెళ్లొచ్చు. 1150లో పెంటియం జీ3220, ఐ3-4130 ఉన్నవాళ్లు ఐ5-4570 వేసుకుంటే రెండు కోర్లు నాలుగవుతాయి. అయితే హెచ్61 బోర్డుకు 3వ తరం ప్రాసెసర్ కావాలంటే బయోస్ అప్‌డేట్ చేయాల్సి రావచ్చు, అది పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. పాతది తీసి అమ్మేసుకున్నాక కొత్తది వేస్తే తెర నల్లగా ఉండిపోతుంది, మళ్లీ పాత తరం ప్రాసెసర్ దొరికేదాకా బయోస్ మార్చడం కష్టం. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు పోయినట్టే, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. 1151 సాకెట్‌లో ఇంకో చిక్కుంది. 6, 7 తరాల హెచ్110 బోర్డులో 8వ తరం ఐ5-8400 చక్కగా కూర్చుంటుంది, కానీ నడవదు. సర్వర్ల రకం ప్రాసెసర్ జియాన్ ఈ3-1231 వీ3 చవగ్గా వస్తుందని తీసుకుంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు లేకుండా మానిటర్‌కు బొమ్మ రాదు.

ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు ఉండేది ప్రాసెసర్‌కు కాదు, సాకెట్‌కు. వాడిన బోర్డు కొనేటప్పుడు ప్రాసెసర్ తీయించి, ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. బాగున్న సాకెట్‌లో పిన్నుల కొనలన్నీ ఒకే వరసలో మెరుస్తాయి. వంగిన పిన్ను ఉన్నచోట ఆ మెరుపు వరస తెగుతుంది. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ స్లాటే పనిచేయకపోవచ్చు. తర్వాత సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటివి) తలలు చూడండి. చదునుగా ఉండాలి, ఉబ్బినా, గోధుమరంగు మరక ఉన్నా ఆ బోర్డు వద్దు. పిన్నులు చూపించడానికి ఒప్పుకోని షాపులో బోర్డు కొనకండి.

ప్రాసెసర్ మార్చినప్పుడు పాత థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కు అందించే పూత) పూర్తిగా తుడిచి, మధ్యలో బియ్యపు గింజంత కొత్తది పెడితే చాలు. కూలర్ నాలుగు కాళ్లనూ ఎదురెదురు మూలల చొప్పున నొక్కాలి. ఒక కాలు సరిగా దిగకపోయినా మన ఎండాకాలంలో వేడి 90 డిగ్రీలు దాటి మిషన్ నెమ్మదించొచ్చు, దానంతటదే ఆగిపోవచ్చు.

ఎస్‌ఎమ్‌పీఎస్ (సెట్‌కు కరెంటు అందించే పెట్టె) మాత్రం వాడినది కొననే కొనకండి. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి, అది పోతూ పోతూ బోర్డునూ డిస్క్‌నూ తీసుకుపోతుంది. స్టిక్కర్ మీద 450 వాట్లని రాసి ఉన్నా ఊరూ పేరూ లేనివి అందులో సగం కూడా ఇవ్వవు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్న కొత్తది తీసుకోండి. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020ల్లో బోర్డుకు 8 పిన్నుల కనెక్టరు ఉంటుంది, మామూలు 24 పిన్నులది దిగదు, కన్వర్టర్ కావాలి. ఉన్న కంపెనీ ఎస్‌ఎమ్‌పీఎస్ బాగుంటే ముట్టుకోకపోవడమే మంచిది. మల్టీమీటరు ఉంటే పసుపు తీగ దగ్గర 11.4, 12.6 వోల్టుల మధ్య ఉందో లేదో చూడండి.

గ్రాఫిక్స్ కార్డు చాలామందికి అవసరం లేదు. తప్పదంటే జీటీఎక్స్ 750 టీఐ, జీటీఎక్స్ 1050 టీఐ లాంటివి చాలావరకు స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి. పాత చిప్‌ల మీద 1050 టీఐ అని కార్డులోని బయోస్ మార్చి అమ్మేవి ఉన్నాయి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిస్తే వాటి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. డబ్బులు అది చూశాకే ఇవ్వండి.

ఇంకొక్కటి. కంప్యూటర్ ఆపి తెరిచినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. తేదీ తప్పుంటే బ్రౌజరు సురక్షితం కాదంటూ సైట్లు తెరవదు. దాన్ని "నెట్ రావడం లేదు" అనుకుని ఫార్మాట్‌కు డబ్బులు కట్టేవాళ్లున్నారు. పది నిమిషాల పని అది, సెల్ ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది.

ఇక విండోస్ మాట. ఇళ్లలో వాడేవాళ్లకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. ఆ తర్వాత బ్రౌజరు పనులే ఉన్నవాళ్లకు విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. టాలీ, పేజ్‌మేకర్ మీద నడిచే షాపులకు అది కుదరదు. పాత ప్రాసెసర్ మీద విండోస్ 11 ఎలాగోలా ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు గానీ వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, కస్టమర్ల బ్యాంకు పనులు చేసే సెంటర్లు ఆ దారి పట్టకూడదు. అలాంటివాళ్లు వాడిన 8వ తరం సెట్టే చూసుకోవాలి. మిగతావాళ్లు కూడా రిపేరు లెక్క ఆ సెట్ ధరలో సగం దాటుతుంటే అక్కడే ఆపేయాలి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో ధర తక్కువే. కానీ ర్యామ్, ప్రాసెసర్ లాంటివి మన ఊళ్లోనే, మన డబ్బాను షాపుకు మోసుకెళ్లి, మన బోర్డు మీదే వేయించి చూసి కొనుక్కుంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా నష్టం లేదు. మార్చుకోవడానికి చెన్నై దాకా మళ్లీ వెళ్లాలంటే మిగిలిందంతా చార్జీలకే సరి.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. షాపుల వారు వాడిన భాగం అమ్మినా బిల్లు మీద మోడల్ నంబరు రాసి, కనీసం వారం రోజుల టెస్టింగ్ గడువు ఇవ్వాలి. మన జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీలు, కార్యాలయాలు పాత ల్యాబు కంప్యూటర్లను వేలం వేసేముందు బయోస్ పాస్‌వర్డ్ తీసేసి, డిస్క్‌లు పూర్తిగా తుడిచి ఇవ్వాలి. పాస్‌వర్డ్ ఉండిపోతే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి (మిషన్ లేపడానికి) కూడా చాలాసార్లు వీలుండదు, మంచి 4వ తరం, 6వ తరం సెట్లు ఆ ఒక్క కారణానికి తుక్కు కింద కిలోల లెక్కన పోతున్నాయి. అవే పిల్లలున్న ఇళ్లకు చేరితే ఇంకో నాలుగేళ్లు పనికొస్తాయి.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసు పనిలో ఉన్న పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి