కె. అంటే కాశీనాథుని

సంపాదకులకు,

నమస్కారం. నేను చెన్నైలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన టీచరును. మీ పత్రిక వచ్చాకే మా ఇంట్లో కాఫీ. పోయిన వారం నగరం పేజీలో ఒకే రోజు రెండు చిన్న వార్తలు వేశారు. ఒకటి మైలాపూర్‌లోని నాగేశ్వరరావు పార్కులో వాకింగ్‌కు వచ్చేవాళ్ల సమావేశం గురించి, రెండోది ఒక తెలుగు సంఘం వేసిన పాత సినిమాల గురించి. మొదటిదాంట్లో ‘కె.నాగేశ్వరరావు పంతులు’ అని ఉంది. రెండోదాంట్లో ‘కె.విశ్వనాథ్’ అని ఉంది. ఆ రెండు ‘కె’లూ ఒకే మాట అని ఆ పేజీ చదివినవాళ్లలో ఎంతమందికి తట్టి ఉంటుంది? ఇద్దరి ఇంటిపేరూ కాశీనాథుని.

మా మనవడికి తట్టలేదు. వాడు తొమ్మిదో తరగతి. సాయంత్రం పూట నన్ను ఆ పార్కుకు తీసుకెళ్తాడు. పేపరు చూపించి, ‘నాయనమ్మా, కె అంటే వాళ్ల నాన్న పేరా?’ అని అడిగాడు. ఇక్కడి బడిలో చదివే పిల్లవాడికి ఇనిషియల్ అంటే నాన్న పేరే. వాడి తప్పు ఏముంది?

బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. నువ్వు తలనొప్పి వచ్చినప్పుడు రాసుకునే అమృతాంజనం ఈయనదేరా అన్నాను. కృష్ణా జిల్లాలో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో ఆ వ్యాపారం మొదలుపెట్టారు. అక్కడే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో అది మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. తర్వాత భారతి అనే సాహిత్య మాసపత్రిక, ఆంధ్ర గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు తెలుగు అచ్చుకు పెట్టిన మనిషి ఆయన. 1937 నవంబరులో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం విషయంలో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నది మైలాపూర్‌లో ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే. మరుసటి ఏడాది ఆయన పోయారు. మనం కూర్చున్న బెంచీ ఆయన పేరు మీద ఉన్న పార్కులోదే అని చెబితే మనవడు చుట్టూ చూశాడు.

ఇక విశ్వనాథ్ గారిది అప్పటి గుంటూరు జిల్లా పెదపులివర్రు. పుట్టింది 1930లో. ఇక్కడి వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో చేరి, 1965లో డైరెక్టరయ్యారు. 1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు తమిళులు కూడా తెలుగు పాటలు పాడుకుంటూ తిరగడం ఈ ఊళ్లో నేను కళ్లారా చూశాను. ఈ ఇద్దరికీ చుట్టరికం ఉందా లేదా అన్నది పక్కన పెడదాం. అరుదైన ఒక ఇంటిపేరు వేరు వేరు కాలాల్లో కృష్ణకు ఆ ఒడ్డు నుంచీ ఈ ఒడ్డు నుంచీ మద్రాసు చేరి ఇంత పని చేసింది. ఆ సంగతి ‘కె’లో ఎక్కడ కనపడుతుంది?

తెలుగు టీచరుగా ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ‘కాశీనాథుని’ అన్నప్పుడు చివర ఉన్న ఆ ‘ని’ ఊరికే వచ్చింది కాదు. కాశీనాథుడు అనే మాట కాశీనాథుని అయితే, ఆ కాశీనాథుడి తాలూకు వాళ్లు అని అర్థం. టంగుటూరు అనే ఊరి పేరు ‘టంగుటూరి’ అయినప్పుడే ప్రకాశం గారికి ఇంటిపేరు అవుతుంది. మన ఇంటిపేర్లలో చాలావాటికి ఈ ‘యొక్క’ లోపలే ఉంటుంది. క్లాసులో పిల్లల ఇంటిపేర్లు బోర్డు మీద రాయించి ఊరు, ఊరి అని విభక్తి చెప్పేదాన్ని. పుస్తకంలో ఉదాహరణల కంటే అవే వాళ్లకు బాగా గుర్తుండేవి. ‘టి’లో, ‘కె’లో ఊరూ ఉండదు, విభక్తీ ఉండదు.

మనవడికి సర్వేపల్లి వారి సంగతి కూడా చెప్పాను. రాధాకృష్ణన్ గారి కొడుకు, చరిత్రకారుడు గోపాల్ గారు. తమిళ పద్ధతిలో అయితే ఆయన ఆర్.గోపాల్ కావాలి. కానీ జీవితమంతా ఎస్.గోపాల్‌గానే ఉన్నారు, పుస్తకాల మీద సర్వేపల్లి గోపాల్ అనే ఉంటుంది. అలాగే మన బాలు గారు. ఈ ఊళ్లో ఎస్.పి.బి. అని తెలియని ఆటో డ్రైవరు లేడు. నుంగంబాక్కంలో ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టారు కూడా. కానీ ఎస్.పి. అంటే శ్రీపతి పండితారాధ్యుల అని తెలుగు పిల్లలకే తెలియదు. పండితారాధ్యుల! పన్నెండో శతాబ్దపు శివకవి మల్లికార్జున పండితారాధ్యుడు గుర్తొచ్చే మాట. చెల్లెలు శైలజ, కొడుకు చరణ్ కూడా ఆ ఎస్.పి. వదలలేదు. ఆ రెండు అక్షరాలనూ ఒక్కసారి విప్పి రాస్తే పాఠకుడికి ఎనిమిది వందల ఏళ్ల నాటి పేరు ఒకటి తగులుతుంది.

తమిళుల పద్ధతి మీద నాకు ఏ కోపమూ లేదు. 1929లో చెంగల్పట్టులో జరిగిన పెరియార్ వాళ్ల ఆత్మగౌరవ మహాసభలో పేర్ల చివరి కులం తోకలు తీసేయాలని తీర్మానించారు. అది గొప్ప పని, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ మన ఇంటిపేరు కులం తోక కాదు. తోక పేరుకు చివర ఉంటుంది, ఇంటిపేరు ముందుంటుంది. ఒకే ఊరి నుంచి వచ్చిన నాలుగు కులాల వాళ్లకు ఒకే ఇంటిపేరు ఉండటం మనం ఎరిగినదే. ఈ తేడా మన పిల్లలకు మనమే చెప్పలేదు.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. మా ఇంటిపేరు నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊరిది. మామగారు పని కోసం ఆ ఊరు వదిలి మద్రాసు వచ్చారు. ఇప్పుడు అక్కడ మాకు ఇల్లూ లేదు, పొలమూ లేదు. అయినా ఒకసారి నెల్లూరు బస్సులో పక్క సీటు ఆవిడ ఇంటిపేరు అడిగి, వినగానే, ‘మీరు ఫలానా వారి కోడలా!’ అని నా చెయ్యి పట్టుకుంది. మామగారి చిన్నతనం గురించి ఆ పెద్దామె చెప్పిన సంగతులు మాకు ఎవరికీ తెలియనివి.

అలాంటిది, మనవరాలిని బడిలో చేర్చినప్పుడు ఆఫీసులో ఫారం నింపినాయన ఇంటిపేరు కొట్టేసి నాన్న పేరులో మొదటి అక్షరం వేశాడు. ‘ఇక్కడ ఇంతేనమ్మా’ అన్నాడు. మేమూ ఊరుకున్నాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో అదే వచ్చింది. పాస్‌పోర్టుకు వెళ్తే ఇనిషియల్ పనికిరాదు, విప్పి రాయండి అన్నారు. విప్పితే మా అబ్బాయి పేరు వచ్చింది, ఆ పిల్లకు అదే ఇంటిపేరు అయి కూర్చుంది. తమ్ముడి పాస్‌పోర్టులో మాత్రం జనన ధ్రువపత్రం ప్రకారం మా ఇంటిపేరే ఉంది. ఒక తల్లి పిల్లలు, రెండు ఇంటిపేర్లు. బడి రికార్డులో వాడికీ ఇనిషియలే ఉంది కాబట్టి, వచ్చే ఏడు పదో తరగతి జాబితా వెళ్లేలోపు సరిచేయించాలని మా అబ్బాయి సెలవు పెట్టి మరీ తిరుగుతున్నాడు. ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

బడుల వాళ్లతో, ఆఫీసుల వాళ్లతో మేం పడతాం. మిమ్మల్ని నేను అడిగేది చిన్న పని. మీ పత్రికలో తెలుగువాళ్ల పేరు మొదటిసారి వచ్చినచోట ఇంటిపేరు పూర్తిగా వేయండి. తర్వాత వాక్యాల్లో పొట్టిగా రాసుకున్నా ఫరవాలేదు. టి.నగర్ గురించి రాస్తే త్యాగరాయ శెట్టి గారి ఇంటిపేరు పిట్టి అని ఒక్కసారి రాయండి. జి.ఎన్.చెట్టి రోడ్డులో ‘జి’ గోపతి అని రాయండి. స్థలం చాలదు అంటారేమో. కాశీనాథుని అనే మాటకు ఎంత స్థలం కావాలి? చెన్నై ఎడిషన్‌లోనైనా ఇది మొదలుపెట్టండి. ఇక్కడి మా పిల్లల్లో చాలామంది ఇంటిపేరును అచ్చులో చూడగలిగింది తెలుగు పేపరులోనే.

మే 1న నాగేశ్వరరావు పంతులు గారి పుట్టినరోజు. ఆ రోజు మీరు వార్త వేస్తారని ఆశిస్తున్నాను. పేరు పూర్తిగా వేస్తే ఆ కాగితం పార్కుకు పట్టుకెళ్లి, అదే బెంచీ మీద మా మనవడి చేత పైకి చదివిస్తాను.

పిల్లవాడి బడి వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి దయచేసి నా పేరు అచ్చు వేయకండి. ఇంటిపేరుతో సహా మీకు విడిగా రాసి పంపాను.

ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
మందవెళి, చెన్నై