గిడుగు పుట్టినరోజున సవర లెక్క కూడా వినపడాలి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29 దగ్గరపడుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, మన తెలుగు భాషా దినోత్సవం. నిరుడు మా ఊళ్లో జరిగిన సభకు నేనూ వెళ్లాను. నలుగురు వక్తలు రెండు గంటలు మాట్లాడారు. వాడుక భాష, గ్రాంథికం, పాఠ్యపుస్తకాలు, ఇంగ్లిష్ మీడియం, అన్నీ వచ్చాయి. సవరలంటే మన కొండల్లో ఉండే గిరిజనులు, వాళ్ల భాషా సవరే. ఆ సవర అనే మాట మాత్రం ఒక్కసారే వచ్చింది, అదీ ‘సవరలకు కూడా సేవ చేశారు’ అంటూ ఒక్క ముక్కలో. హాస్టల్ నుంచి తీసుకొచ్చిన సవర పిల్లలు వెనక వరసల్లో కూర్చున్నారు. ఆ మాట చెవిన పడగానే ఇద్దరు తలెత్తి వేదిక వైపు చూశారు. ఆ వక్త అప్పటికే వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. ఆ ఇద్దరి ముఖాలు గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను సీతంపేట ఏజెన్సీ బడుల్లో 1986 నుంచి ముప్ఫై ఏళ్లు పని చేసి రిటైరైన టీచర్ని. సవర రాకుండానే ఉద్యోగంలో చేరాను. రావాలని నాకు చెప్పినవాళ్లూ లేరు.

1991లో ఒకరోజు రెండో తరగతి పిల్లల ముందు చింతపిక్కలు పోసి, ముప్ఫైమూడు లెక్కపెట్టి కుప్పలు పెట్టమన్నాను. మూడు పదులు, పక్కన మూడు ఒకట్లు రావాలని నా ఉద్దేశం. ఒక గుంటడు పెద్ద కుప్ప ఒకటి, దానికంటే చిన్నది ఇంకొకటి పెట్టి, చివర ఒక్క పిక్కను విడిగా ఉంచాడు. తప్పన్నాను. మూడూ కలిపేసి మళ్లీ పెట్టమన్నాను. వాడు మళ్లీ అలాగే పెట్టాడు. మూడోసారి చెయ్యి కదపలేదు, నేల చూస్తూ కూర్చున్నాడు. నేను పలక మీద అడ్డంగా గీత కొట్టాను.

సాయంత్రం అడ్డాకుల మోపుతో బడి ముందు నుంచి వెళ్తున్న వాడి మామ్మను ఆపి, మీవాడికి లెక్కలు రావట్లేదమ్మా అన్నాను. ఆవిడ మోపు దించి అరుగు మీద కూర్చుంది. పిక్కలు తెమ్మంది. సవరలో పైకి లెక్కపెడుతూ ఇరవై ఒక కుప్ప, పన్నెండు ఒక కుప్ప చేసి, మిగిలిన ఒక్క పిక్కను పక్కన పెట్టింది. పొద్దున వాడు పెట్టినవే ఆ మూడు కుప్పలు. “ఏటి మేస్టారూ, గుంటడు బాగానే పెట్టినాడు కదా?” అంది.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆవిడను ఇంకోసారి చెప్పమని అడిగి, ఆ లెక్కను నోటుపుస్తకంలో రాసుకున్నాను. అబోయ్, బాగు, యాగి, ఉంజి అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు. అలా వెళ్తూ పది గల్‌జి, పదకొండు గెల్ముయ్, పన్నెండు మిగ్గల్. మనం పది దగ్గర ఆగి పదమూడు, పద్నాలుగు అని కట్టుకుంటూ వెళ్తాం. వాళ్లు పన్నెండు దగ్గర ఆగుతారు. పదమూడును మిగ్గల్‌బోయ్ అంటారు, పన్నెండు మీద ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండు మీద ఏడు. ఇరవైకి వచ్చేసరికి బోకోడి, అంటే ఒక కోడి. ఇక్కడ కోడి అంటే మన కోడిపిట్ట కాదు, ఇరవై. ముప్ఫైమూడు బోకోడి మిగ్గల్‌బోయ్, అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభైమూడు చెప్పాలంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ఎనభై, పన్నెండు, ఒకటి కలిపి చూడండి. ఎక్కడా తేడా రాదు.

ఇరవైల లెక్క ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అందులో పన్నెండును కూడా ఇలా మెట్టుగా పెట్టుకున్న భాషలు మాత్రం చాలా అరుదు. భాషాశాస్త్రం చదివినవాళ్లు సవర లెక్కను ప్రత్యేకంగా చెప్పుకునేది అందుకే. మన మామ్మలు గవ్వలను పుంజీల్లో, నాలుగేసి చొప్పున లెక్కపెట్టేవారు. అరటిపళ్లు మనం ఈ రోజుకీ డజన్లలోనే కొంటాం. మనకు మూడు రకాల లెక్కలు ఉండవచ్చు గానీ, ఆ పిల్లవాడు ఇంట్లో నేర్చుకున్న లెక్కతో బడికి వస్తే నేను తప్పు గీత గీశాను. మర్నాడు వాడి పలక నేనే తుడిచి, ‘ఒప్పు’ అని రాసి ఇచ్చాను. వాడు దాన్ని సాయంత్రం దాకా చెరపలేదు.

గిడుగు వారు ఇలాంటి తప్పు చెయ్యలేదు. పర్లాకిమిడి బడిలో ఆయన చరిత్ర చెప్పే పంతులు. సవరల మాట విని నేర్చుకోవాలనుకున్నప్పుడు చదవడానికి పుస్తకం లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టారు, తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను చెవితో పట్టుకున్న మనిషికి అలా జరగడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. బడిలో పిల్లల నోటి మాట ఉండాలని తెలుగు కోసం పోరాడకముందే ఆయన సవరలో ఆ పని మొదలుపెట్టారు. అందుకే ఆయన వాడుక భాషా ఉద్యమం సవర ఊళ్లలోనే పుట్టిందని నేను నమ్ముతాను.

సవర మన తెలుగుకు చుట్టం కాదు. ముండా భాషల కుటుంబానికి చెందినది. నీళ్లను ‘డా’ అని గొంతు టక్కున పట్టి, వదిలి, మళ్లీ ‘అ’ అంటారు. ఆ పట్టుకు మన లిపిలో అక్షరం లేదు. 1936లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి తయారు చేశారు. అదే ఏడాది పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, గిడుగు వారు రాజమండ్రి వచ్చేశారు. ఈ భాష మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు ఉన్నారు. కొండకు అటువైపువాళ్లు ఒడియా బడికి, ఇటువైపువాళ్లు తెలుగు బడికి వెళ్తున్నారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టారు. అది మంచి పని, ఆ రోజుల్లో నాకు చాలా సంతోషం వేసింది. ఇప్పుడు విద్యాశాఖవారిని నేను అడిగేది చిన్నది. సవర ఊళ్లకు వెళ్లే ప్రతి టీచరుకీ చేరే ముందు రెండు వారాలు సవర వచ్చిన మనిషి దగ్గర కూర్చునే ఏర్పాటు చెయ్యండి. ఆ మనిషికి డిగ్రీ ఉందా లేదా అని చూడొద్దు, జీతం మాత్రం ఇవ్వండి. ఒకటో తరగతి లెక్కల పుస్తకంలో పది కట్టల బొమ్మ పక్కన పన్నెండు, ఇరవై కుప్పల బొమ్మ కూడా వెయ్యండి. పదుల లెక్క మాన్పించమని నేను అనడం లేదు. సంతలోనూ పరీక్షలోనూ అదే కావాలి. ఇంటి లెక్క తప్పు కాదని తెలిసిన పిల్లలు రెండోదాన్ని తొందరగా నేర్చుకుంటారు, నా తరగతిలో చూశాను.

ఈ 29న సభలు పెట్టేవాళ్లకు ఇంకో మనవి. వెనక వరసలో కూర్చోబెట్టే పిల్లల్లో ఒకరిని పిలిచి మైకు ఇవ్వండి. సవరలో ఇరవై దాకా లెక్కపెట్టమనండి.

నా నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. పలకడం ఊరికీ ఊరికీ కొంచెం మారుతుంది, వాటిని కూడా పక్కన రాసుకున్నాను. సవర ఊరికి కొత్తగా వెళ్లే టీచర్లు ఎవరడిగినా జిరాక్స్ తీయించి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాలకొండ