తాళం ఉంది, వేసేవారేరీ?

సంపాదకుడు గారికి,

పిల్లలు తెరల మీద హింసాత్మక దృశ్యాలు చూడటం గురించి గతవారం మీరు వేసిన వ్యాసమూ, దాని మీద వచ్చిన ఉత్తరాలూ చదివాను. ఒకరు ప్రభుత్వాన్ని తిట్టారు, ఒకరు కంపెనీలను, ఇంకొకరు సినిమావాళ్లను. తిట్టండి, తప్పులేదు. కానీ ఆ ఫోను పిల్లాడి చేతిలో పెట్టిందెవరో ఒక్కరూ రాయలేదు.

యూట్యూబ్ కిడ్స్‌లో వయసును బట్టి మూడు అంచెలున్నాయి: 4 ఏళ్ల వరకు, 5–8, 9–12. పేచీ ఆగితే చాలని పెద్ద అంచె నొక్కి ఊరుకుంటారు కొందరు. మామూలు యూట్యూబ్‌లో పెద్దల వీడియోలను వడపోసే ‘రిస్ట్రిక్టెడ్ మోడ్’ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటారు ఇంకొందరు. అది ఏ పరికరంలో పెడితే అక్కడే పనిచేస్తుంది; ఫోనులో పెట్టినది టీవీకి వర్తించదు. నెట్‌ఫ్లిక్స్‌లో పిల్లలకు వేరే ప్రొఫైల్ ఉంటుంది, పక్కనే నాన్నగారి ప్రొఫైల్ తాళం లేకుండా పడి ఉంటుంది. ఉన్నా పిన్ 1234, అదీ పిల్లల ముందే నొక్కుతారు! తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవడం ఒక సెట్టింగు, ప్రివ్యూలు వాటంతటవే ఆడటం ఇంకో సెట్టింగు. ఒకటి ఆపితే రెండోది ఆగదు.

ఇవన్నీ సరిగ్గా పెట్టినా అసలు చిల్లు హాల్లోనే ఉంది. అన్నం తినేటప్పుడు వార్తల చానల్ మోగుతూనే ఉండాలి మనకు. ఒకే పేలుడును ఎర్ర గీత చుట్టి గంటకు పదిసార్లు వేస్తారు. చిన్నపిల్లలకు అది ఒక్కసారే జరిగిందని తెలియదు. వేసిన ప్రతిసారీ మళ్లీ జరుగుతోందనుకోవచ్చు. కాస్త పెద్దవాళ్లకు దయ్యాల సినిమా కంటే వార్తలే ఎక్కువ భయం, నిజమని తెలుసు గనుక. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో చేసిన సర్వేలో, ఆ దృశ్యాలను టీవీలో ఎక్కువసేపు చూసిన పిల్లల్లో ఆందోళన లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి. రిమోట్ మాత్రం ఇప్పటికీ పెద్దల చేతిలోనే ఉంది.

ఇక వాట్సాప్ బంధువుల గ్రూపు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదు కాల్పులను హంతకుడే ప్రత్యక్ష ప్రసారం చేస్తే, మొదటి 24 గంటల్లో ఫేస్‌బుక్ తీసేసిన కాపీలు 15 లక్షలు. వాటిని ఎక్కించిన చేతుల్లో తల్లిదండ్రుల చేతులు లేవా? వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’కు వెళ్లి మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటిలోనూ ఆటో డౌన్‌లోడ్ తీసేయాలి. వైఫై ఒక్కటి వదిలేస్తే చేసిన పని దండగ. ఆండ్రాయిడ్‌లో ‘చాట్స్’ కింద ‘మీడియా విజిబిలిటీ’ కూడా ఆపాలి. లేకపోతే పాప బొమ్మలు చూద్దామని గ్యాలరీ తెరిస్తే శవం కనిపిస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకటి కంటబడుతుంది. అప్పుడు ‘ఏం కాదులే, పడుకో’ అంటే భయం పోదు, అడగడం మానేస్తారు అంతే. ఏం చూశావని ముందు వాళ్లచేతే చెప్పించాలి. అడిగినంతవరకే జవాబివ్వాలి. చూపించినవాణ్ణి చూపించొద్దనాలి గానీ చెప్పుకున్న పిల్లను కొట్టకూడదు. నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం వారాల తరబడి సాగితే డాక్టరుకు చూపించాలి.

ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో హానికర సమాచారం నుంచి పిల్లలను కాపాడే మార్గదర్శకాలను ప్రోత్సహించమని ప్రభుత్వాలకు చెప్పేది 17వ అధికరణం. పెంపకంలో ప్రథమ బాధ్యత తల్లిదండ్రులదనేది 18వది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరి పేజీ వాళ్లు చదవకుండా ఎదుటివాళ్ల పేజీ చూపిస్తున్నారు. అధికారులకైతే అవగాహన వారోత్సవం, ఒక బ్యానరు, ఒక ఫొటో చాలు. ఏ వయసువారు చూడొచ్చో చెప్పే గుర్తు తెర మీద రెప్పపాటులో మాయమవుతుంది, అడిగే నాథుడు లేడు.

మీకూ ఒక మాట. ఆ వ్యాసం వచ్చిన రోజే మొదటి పేజీలో ప్రమాదం ఫొటో వేశారు, ముఖం మాత్రం మసక చేసి రక్తం రంగుల్లో వదిలేశారు. అలాంటివి ఇకమీదట వేయకండి. వేయక తప్పదంటే లోపలి పేజీలో, నలుపు తెలుపులో, చిన్నగా వేయండి. మిగిలిన చోట పైన రాసిన సెట్టింగులు అచ్చేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు